ముందే బయలుదేరిన సంచి

పాకాలలో ఎదురుబండి కోసమని ఇరవై నిమిషాలు నిలబడిన పాసింజరు, చంద్రగిరి ఇంకో రెండు మైళ్లు ఉందనగా మళ్లీ ఆగింది. ఈసారి స్టేషను కూడా కాదు. ఒక పక్క మామిడితోపు, ఇంకో పక్క ఎర్రమట్టి గట్టు. గట్టు మీద మేస్తున్న మేక ఒకటి తలెత్తి బండిని చూసింది. ఇది ఇప్పట్లో కదిలేది కాదని తెలిసినట్టు మళ్లీ తల దించుకుంది.

కోమలి ఫోను చూసుకుంది. ఎనిమిది యాభై. ఈ పాటికి రేణిగుంటలో దిగి ఉండాలి. అక్కడ తొమ్మిదిన్నరకు వచ్చే ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే పన్నెండు లోపల నెల్లూరు. నెల్లూరులో ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్లు వేరే ఊళ్లలోని తమ శాఖలకు కూడా నర్సులను తీసుకుంటున్నారు. పరీక్ష ఎప్పుడో అయిపోయింది. కోమలి నంబరు నలభై ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంట లోపల అసలు సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఆ తరువాత నంబరు ప్రకారం పిలిచి ఏ ఊరు కావాలో అడుగుతారు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ ఉద్యోగం వెనక నంబరు వాళ్లకు పోతుంది.

పోయిన ఏడాది అనంతపురంలో ఇట్లాంటి ఉద్యోగమే పోయింది. పది నిమిషాలు. చెమటలు కక్కుకుంటూ గేటు దగ్గర నిలబడిన కోమలితో లోపలి మనిషి, "ఇప్పుడే అయిపోయిందమ్మా" అన్నాడు. అంత మెత్తగా చెప్పకుండా, తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు చాలా రోజులు అనిపించింది. అప్పటినుంచి చిత్తూరులో ఒక చిన్న నర్సింగ్ హోంలో పన్నెండు గంటల డ్యూటీలు చేస్తూ, ఆ పది నిమిషాలు ఎక్కడ జారిపోయాయా అని వెతుక్కుంటూనే ఉంది. కదిరిలో బండి ఆగినందువల్ల అని ఆమె అంటుంది. ఆ రోజు శుక్రవారం, పడమటికి వారశూల, ఆ దిక్కుకు పోకూడదు, అందువల్ల అని వాళ్ల నాయన ఎల్లప్ప అంటాడు.

ఆ ఎల్లప్ప ఇప్పుడు కిటికీ పక్కన, ఒళ్లో పులిహోర క్యారియరు పెట్టుకుని, ఏమీ ఎరగనివాడిలా మామిడితోపును చూస్తున్నాడు. బండి ఆలస్యం కావడం ఒక ఎత్తు. అసలు సర్టిఫికెట్లు కోమలి దగ్గర లేకపోవడం ఇంకో ఎత్తు. దానికి కారణం ఆయనే.

నెల్లూరుకు రమ్మన్నది బుధవారం. బుధవారం ఉత్తరానికి శూల. శూల ఉన్న రోజు ప్రయాణం తప్పనప్పుడు ముందే ఒక మంచి గడియ చూసి పరస్థానం పెడతారు. మనిషికి బదులు మనిషి వస్తువు బయలుదేరి, పోయే దిక్కులో ఎవరింట్లోనైనా కాచుకుని ఉంటుంది. వస్తువు ఇల్లు దాటితే మనిషి దాటినట్టే. తరువాత శూల రోజున పోయినా అది కొత్త ప్రయాణం కాదు, మొదలుపెట్టిన దాంట్లో మిగిలింది. సోమవారం ఎల్లప్ప బస్సెక్కి పోయి, ఎవరి పెండ్లిలోనో తాంబూలంతో పాటు ఇచ్చిన పసుపు గుడ్డసంచి ఒకటి రేణిగుంటలో బామ్మర్ది సుబ్బన్న ఇంట్లో పెట్టి వచ్చాడు. తెల్లగుడ్డ, పిడికెడు బియ్యం, పసుపుకొమ్ము పెట్టి ఉంటాడని కోమలి అనుకుంది. మంగళవారం సాయంత్రం ట్రంకుపెట్టె తెరిస్తే ఫైలు లేదు.

"ఫైలు యాడ నాయనా?"

"పరస్థానంలో పెట్టినా."

"అసలు సర్టిఫికెట్లా!"

"మా నాయన ఎద్దులు కొనేదానికి పోతే పలుపుతాడు పెట్టేవాడు. పోయేది ఏ పనికో ఆ పని వస్తువు పెట్టల్ల. ఊరికే గుడ్డ పెడితే ఏమొస్తాది?"

"ఇప్పుడే పోయి తీసుకునిరా."

"పరస్థానం యెనక్కి రాకూడదు పాపా. ముందుకే పోవల్ల."

వాళ్లమ్మ తాయమ్మ నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే, "ఆయన చెప్పేది నిజమేలేమ్మే, యెనక్కి రాకూడదు" అంది. చివరికి సుబ్బన్న ఆ సంచి తీసుకుని పొద్దున్నే రేణిగుంట ప్లాట్‌ఫారం మీదికి వచ్చేట్టు, బండి మారేటప్పుడు కోమలి దాన్ని అందుకునేట్టు ఒప్పందం కుదిరింది. రెండు బండ్ల మధ్య నలభై నిమిషాలు ఉన్నాయి కదా అని అందరూ అనుకున్నారు.

ఆ నలభై నిమిషాలు ఇప్పుడు ఈ మామిడితోపు పక్కన కరిగిపోతున్నాయి.

కోమలి లేచి తలుపు దగ్గరికి పోయింది. తల బయటపెట్టి చూసింది. ముందు ఎర్ర దీపం. వెనక్కి వచ్చి కూర్చుంది. కూర్చున్నా కాలు ఊరుకోలేదు, మడమ నేల మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"బండిని నువ్వే కాలితో తొక్కి నడిపేట్టున్నావే అమ్మా" అన్నాడు ఎదుటి సీటు మనిషి.

ఆయన పేరు కుప్పయ్య. రేణిగుంటలో గోడౌన్ పని. పాకాలలో ఎక్కాడు. ఆయనకన్నా ముందు ఆయన తువ్వాలు ఎక్కింది. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి వచ్చి సీటు మీద పడింది. తరువాత ఎక్కినవాళ్లు అయిదారుగురు ఆ తువ్వాలును చూసి, ఒకసారి నిట్టూర్చి, దాని పక్కనే నిలబడ్డారు. ఎవరూ దాన్ని తీయలేదు. బండి నిలబడినంతసేపు కుప్పయ్య కింద టీ తాగి, బీడీ కాల్చి, నింపాదిగా వచ్చి తువ్వాలు దులిపి కూర్చున్నాడు.

"ఎందుకన్నా ఆగింది?" అని కోమలి అడిగింది.

"తిరపతి నించి ఎదురుబండి వస్తాండాది. ఒకటే లైను కదా, ఎవురో ఒకరు ఆగల్ల. ఆగేది ఎప్పుడూ మనమే." కుప్పయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పదకొండేండ్లుగా పోతాండా ఈ బండిలో. గోడౌన్లో నలుగురు సూపర్‌వైజర్లు మారినారు, నా నెత్తిన జుట్టు పోయింది, నా కూతురు కాలేజీకొచ్చింది. ఈ తావున ఆగేది మటుకు మారలేదు."

"ఎంతసేపు ఆగుతాది?"

"దానికి మనసొచ్చిందాకా."

ఎల్లప్ప నవ్వబోయి, కూతురి ముఖం చూసి మానుకున్నాడు.

ఫోనులో చూస్తే ఎక్స్‌ప్రెస్ సరిగ్గా సమయానికి నడుస్తోంది. వారమంతా కోమలి రోజూ చూసింది. సోమవారం యాభై నిమిషాలు ఆలస్యం, మంగళవారం గంటా పది. ఈరోజు మాత్రం ఒక్క నిమిషం కూడా లేదు. ఎవరో పందెం కాసినట్టు వస్తోంది.

అంతలో సుబ్బన్న ఫోను.

"పాపా, వచ్చేసినా. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉండా. సంచి చంకలోనే ఉండాది. మీరు యాడుండారు?"

"చంద్రగిరికి యీపక్క. ఆగిపోయింది మామా."

"అయితే ఇంగా టైముండాదిలే. మీ అత్తకు కరేపాకు తెస్తానని చెప్పొచ్చినా. బిన్నా రాండి."

కోమలి ఫోను దించి లెక్క వేసింది. ఇప్పుడు కదిలినా తిరుపతి చేరేటప్పటికి తొమ్మిదీ పాతిక. అక్కడినుంచి ఈ బండిలోనైనా, ఆటోలోనైనా రేణిగుంటకు ఇంకో పావుగంట. ఎట్లా వేసినా పది నిమిషాలు తక్కువ వచ్చింది. మళ్లీ ఆ పది నిమిషాలే. అనంతపురం గేటు ముందు తప్పిపోయినవి ఇక్కడ మామిడిచెట్ల కింద కూర్చుని తనను చూస్తున్నట్టు అనిపించింది.

బస్సులో పోతే ఒంటిగంటకు అందదు. అందినా ఏం లాభం, కాగితాలు లేకుండా? కాగితాల కోసం రేణిగుంటలో దిగితే ఇంకా ఆలస్యం. మనిషికి బండి లేదు. కాగితాలకు బండి ఉంది, కాళ్లు లేవు.

ఆమె చూపు కుప్పయ్య భుజం మీది తువ్వాలు మీద ఆగింది. చాలాసేపు దాన్నే చూసింది.

తరువాత సుబ్బన్నకు ఫోను చేసింది.

"మామా, కౌంటరుకు పోయి నెల్లూరుకు ఒక జనరల్ టికెట్ తీసుకో."

"ఎవురికి?"

"నీకే."

"నాకు నెల్లూర్లో ఏం పనే!"

"నీకు లేదు. సంచికి ఉండాది. నువ్వు దాన్ని తీసుకునిపో. ఆ ఆసుపత్రి ఆఫీసులో ఒంటిగంట లోపల ఫైలు ఇవ్వల్ల. పేరు పిలిచేలోగా నేను బస్సులో వచ్చేస్తా."

సుబ్బన్న గొంతు స్టేషను గోలను మించింది.

"పాపా, నేను లుంగీతో వచ్చినానే!"

"వాళ్లు సర్టిఫికెట్లు చూస్తారు మామా. లుంగీ కాదు."

"మీ అత్త..."

"అత్తకు నేను చెప్తా. నువ్వు లైన్లో నిలబడు."

ఎల్లప్ప ఇప్పుడు కిటికీ వదిలి పూర్తిగా ఇటు తిరిగాడు. "పరస్థానం పోయే మనిషే ఎత్తుకోవల్ల పాపా. ఇంగొకరు మోసుకుపోతే ఎట్ల?"

"నువ్వే కదా చెప్పినావు, ముందుకే పోవల్ల అని. ముందుకే పోతాండాది గదా."

ఎల్లప్ప నోరు తెరిచాడు. ఇట్లాంటి సందర్భానికి వాళ్ల నాయన ఏం చెప్పాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆయన ఎద్దుల సంత వరకే చెప్పాడు.

"అదీకాక సుబ్బన్న..." అని ఆగిపోయాడు. ఆ మాట కోమలి మనసులోనూ ఉంది. సుబ్బన్న మంచివాడు. కానీ ఒకసారి శ్రీకాళహస్తి నుంచి వస్తూ, బతికున్న కోడిని, కూతకూసే కోడిని, బస్సులో మరిచి దిగిన మనిషి. పదో తరగతి నుంచి నర్సింగ్ దాకా ఉన్న కాగితాలన్నీ ఇప్పుడు ఆయన చంకలో ఉన్నాయి.

ఎదురుబండి వచ్చింది. ఒక్కొక్క పెట్టె ధడధడమని దాటిపోయింది. పాసింజరు ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది.

చంద్రగిరిలో మూడు నిమిషాలు. ఎవరో బస్తాలు ఎక్కించారు. బస్తా ఎక్కిన ప్రతిసారీ కోమలి ఫోనులో టైము చూసుకుంది. తిరుపతి ఇంకా రాకముందే మళ్లీ ఫోను మోగింది.

"పాపా, బండొచ్చేసింది. టికెట్టూ తీసుకున్నా. ఎక్కేదా, వద్దా? బిన్నా చెప్పు."

ఒక్క క్షణం. ఇప్పుడు వద్దంటే ఫైలు రేణిగుంటలోనే ఉంటుంది, కనీసం కళ్లముందు ఉంటుంది. ఎక్కమంటే అది తన చేతుల్లోంచి పోతుంది. తను అందకపోతే రెండూ పోతాయి.

"ఎక్కు మామా. సంచి మెడకు తగిలించుకో. ఎవురు అడిగినా పైన పెట్టొద్దు."

"సరే, సరే" అన్న మాటతో పాటు రైలు కూత కూడా వినిపించింది.

కుప్పయ్య అన్నీ వింటున్నాడు. "మీరు రేణిగుంటకు రావొద్దు. ఆడ బస్సులో సీటు దొరకదు. తిరపతిలోనే దిగి బస్టాండుకు పోండి. నెల్లూరు బస్సు పదికి ముందొకటి ఉండాది" అన్నాడు. వాళ్లు తిరుపతిలో దిగేటప్పుడు ఎల్లప్పతో, "నీ కూతురు గట్టిదేనప్పా. మనిషిని వదిలిపెట్టి తువ్వాలును పంపించింది" అన్నాడు. ఎల్లప్పకు అది మెచ్చుకోలో ఎగతాళో అర్థం కాలేదు.

బస్సు దొరికింది. కోమలికి డ్రైవరు వెనక సీటు, ఎల్లప్పకు ఇంజను పక్కన ఇరుకు చోటు. రేణిగుంట వంతెన ఎక్కినప్పుడు కింద పట్టాలు ఎండకు మెరుస్తూ కనిపించాయి. వాటి మీద ఏ బండీ లేదు. సుబ్బన్న అప్పటికే పోయాడు. తన చదువంతా తనకన్నా ముందు, లుంగీ కట్టుకుని, ఉత్తరానికి పోతోంది అనుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ పూర్తిగా రాలేదు.

శ్రీకాళహస్తిలో బస్సు పదిహేను నిమిషాలు ఆగింది. కండక్టరు టిఫిను తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. మళ్లీ ఎవరితోనో మాట్లాడాడు. కోమలి అతని నోటినే చూస్తూ కూర్చుంది. ఎల్లప్ప క్యారియరు మూత తీసి, "రవంత తినమ్మా" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది. ఆయన కూడా తినకుండా మూత పెట్టేశాడు.

సుబ్బన్న ఫోను కలవలేదు. ఆయన బండి వెంకటగిరి దాటాక కలిసింది.

"కిటికీ సీటు దొరికింది పాపా. సంచి మెడకే ఉండాది. ఎదురుగా ఒకాయన ఏముండాది దాంట్లో అని అడిగినాడు. మా మేనకోడలు ఉండాది అని చెప్పినా."

ఆ మాటకు కోమలి పొద్దున్నించి మొదటిసారి సీటుకు వెనక్కి ఆనుకుంది. గంట గడిచాక మళ్లీ ఫోను. ఈసారి ఆయన గొంతు మారింది.

"బండి నిలబడిపోయింది. గూడూరు బయట. ముందర ఇంగో రెండు బండ్లున్నాయంట."

కోమలి కిటికీ బయటికి చూసింది. నాయుడుపేట దగ్గర లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి, వాటి వెనక తమ బస్సు. సంచి ఒక దారిలో నిలబడి ఉంది, మనిషి ఇంకో దారిలో నిలబడి ఉంది. ఎవరు ఎవరి కోసం కాచుకుంటున్నారో తెలియదు. ఆమె మడమ మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఈసారి ఎల్లప్ప మోకాలు కూడా. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"అనంతపురానికి పోయినప్పుడు నేను పరస్థానం పెట్టలేదు" అన్నాడు ఆయన ఉన్నట్టుండి, ఇంజను చప్పుడులో. "నువ్వు తిడతావని. అందుకే ఈసారి జాస్తిగా పెట్టినా. ఒక్క గుడ్డ చాలకపోతే ఎట్లా అని."

కోమలి ఆయన చేతిలోని క్యారియరు తీసుకుని, మూత తెరిచి, ఒక ముద్ద తిని, తిరిగి ఇచ్చింది. ఎల్లప్ప గబగబా తిన్నాడు. ఆకలి మీదున్నాడు పాపం.

పన్నెండూ యాభై రెండుకు సుబ్బన్న పిలిచాడు. రొప్పుతున్నాడు.

"ఆఫీసుకొచ్చినా పాపా. ఫైలు తీసుకోనంటాండాది ఈయమ్మ. మనిషేది అంటాండాది."

"ఫోను ఆమెకియ్యి మామా."

ఫోను చేతులు మారిన చప్పుడు. విసుగ్గా ఒక ఆడగొంతు, "ఎవరమ్మా?"

"మేడం, నా పేరు కోమలి. నంబరు నలభై ఒకటి. బండి తప్పిపోయింది. బస్సులో వస్తున్నాను, గూడూరు దగ్గర ఉన్నాను. ఫైలు ఒంటిగంట లోపల ఇవ్వాలన్నారు, ఇచ్చి పంపినాను. మీ కాగితంలో ఎవరు ఇవ్వాలో రాయలేదు మేడం."

అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది. వెనక వరసలో ఎవరో, "తీసుకోండి మేడం, మాకు లేటవుతాంది" అన్నారు.

"ఫైలు పెడతాను. నీ నంబరు పిలిచేటప్పటికి నువ్వు ఎదురుగా ఉండాల. సంతకం ఈ లుంగీ ఆయన చేత పెట్టించను, ముందే చెప్తున్నా."

"సరే మేడం."

అక్కడినుంచి నెల్లూరు దాకా కోమలికి దారి గుర్తులేదు. బస్టాండులో దిగి ఆటో ఎక్కింది, ఆటో దిగి మెట్లెక్కింది. రెండుంపావు. మెట్ల మీద ఆమె చెప్పు తెగింది. తెగిన చెప్పును చేత్తో పట్టుకునే హాల్లోకి పోయింది. లోపల గోడ వారగా కుర్చీలు. ఒక కుర్చీలో సుబ్బన్న, పక్క కుర్చీలో పసుపు సంచి. హాలు నిండా జనం నిలబడి ఉన్నారు. ఆ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

"ఎంతమందిని పిలిచినారు మామా?"

"ఇప్పుడు ఇరవై ఆరంట. ఒక్కొక్కరూ ఏ ఊరు కావల్లో తేల్చుకునేదానికి ఇంటికి ఫోన్లు చేస్తాండారు. నేను ఒకటికి కూడా లేచి పోలేదు పాపా, నువ్వొస్తావని. ఇప్పుడు పోతా." అని ఆయన దాదాపు పరుగెత్తాడు.

కోమలి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల చేయి పెడితే బియ్యం, పసుపుకొమ్ము తగిలాయి. అంత పరుగెత్తి వచ్చింది ఇట్లా కూర్చోవడానికా అనిపించింది. కాలు ఇంకా ఊరుకోవడం లేదు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. ఒకమ్మాయి గూడూరు తీసుకోవాలా, కావలి తీసుకోవాలా అని అరగంట ఏడ్చింది. ముప్ఫై అయిదు వచ్చినప్పుడు మనిషి లేదు. ముప్ఫై ఆరును పిలిచారు. ఆ లేని మనిషి ఏ బండిలో ఉందో అని కోమలి వాకిలి వైపు చూసింది. నాలుగు కావస్తుండగా నలభై ఒకటి అన్నారు.

ఫైలు సిద్ధంగా ఉంది. అదే గొంతు, "నువ్వేనా కోమలి? మిగిలింది నాయుడుపేట, ఇంకా పైన ఒంగోలు. ఏది?"

ఆమె ఎవరికీ ఫోను చేయలేదు. "నాయుడుపేట మేడం. మా ఊరినుంచి బస్సులో రావచ్చు."

సంతకం పెట్టింది. తొందరలో 'లి' కొంచెం పొడుగైంది.

బయట ఎల్లప్ప, సుబ్బన్న ఎండలో నిలబడి ఉన్నారు. కోమలి ముఖం చూడగానే ఇద్దరికీ అర్థమైంది. ఎల్లప్ప తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తరువాత ఎప్పటి మనిషి అయ్యాడు. "రేపు బేస్తవారం. దక్షిణానికి శూల. ఈపొద్దే బయల్దేరల్ల."

"బావా, నేను పొద్దున కరేపాకుకని వచ్చినా. నాకు శూల ఏ దిక్కునా లేదు, ఇంట్లో ఉండాది" అన్నాడు సుబ్బన్న.

బస్సెక్కే ఓపిక లేక ముగ్గురూ స్టేషనుకే పోయారు. దారిలో కోమలి కరివేపాకు కొంది. రేణిగుంట బండి గంటన్నర ఆలస్యమని మైకులో చెప్పారు. సుబ్బన్న బెంచీ చివర కూర్చున్న వెంటనే నిద్రపోయాడు, ఎల్లప్ప ఆయనకు ఆనుకున్నాడు. కోమలి పసుపు సంచిని వాళ్ల పక్కన ఖాళీలో పెట్టి, చేత్తో ఒకసారి సర్ది, తెగిన చెప్పుతోనే ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. బెంచీ దగ్గర జనం పెరిగారు. సంచిని చూసి, పక్కకు జరిగి నిలబడ్డారు.